హీట్ మీటరు వైరులో రెసిస్టెన్స్ పెట్టించకండి

మిర్చి కోతలు ముగిసి బస్తాలు యార్డుకు కదిలే రోజులివి. ధరణికోట, అమరావతి, క్రోసూరు, పెదకూరపాడు వైపు నుంచి బొలేరోలు, ట్రాలీ ఆటోలు మోయగలిగినదానికంటే నాలుగు బస్తాలు ఎక్కువే ఎత్తుకుని గుంటూరు దారి పడుతున్నాయి. రాజధాని పనులకు ఇసుక, కంకర తోలే టిప్పర్లు అదే రోడ్ల మీద ఉన్నాయి. ఎండలకు పేరుమోసిన రెంటచింతల మన జిల్లాలోనే ఉంది. ఇంత ఎండలో, ఇంత బరువుతో, గేరు మార్చుకుంటూ మెల్లగా సాగే బండికి ఇంజన్ వేడెక్కడం మామూలే. ఆ సంగతి డ్రైవరుకు ముందుగా చెప్పేది డ్యాష్‌బోర్డులోని చిన్న ముల్లు ఒక్కటే. ఇప్పుడు కొందరు ఆ ముల్లుకే మందు వేయిస్తున్నారు.

ఆ మందు పేరు రెసిస్టర్. షెడ్లలో దాన్ని రెసిస్టెన్స్ అంటారు. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో ఒకటి రెండు రూపాయలకు దొరుకుతుంది, బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది, ఒంటి మీద రంగు చారలుంటాయి. "ముల్లు ఎర్రగీత దాకా పోతోందా అన్నా, ఒక రెసిస్టెన్స్ వేస్తే దిగిపోద్ది" అని ఎవరో అంటారు. పావుగంటలో పని అయిపోతుంది. ముల్లు నిజంగానే దిగిపోతుంది. ఇంజన్ వేడి మాత్రం దిగదు. ఈ సంపాదకీయం రాయడానికి కారణం అదే.

పని ఎలా చేస్తారో దగ్గరగా చూద్దాం. ఇంజన్ హెడ్ దగ్గర, థర్మోస్టాట్ పక్కన, నీళ్ళలో మునిగేలా ఇత్తడి మొలలాంటి సెన్సార్ ఒకటి బిగించి ఉంటుంది. దాని నుంచి ఒక వైరు డ్యాష్‌బోర్డులోని మీటరుకు వెళుతుంది. ఆ వైరును మధ్యలో తెంచి, రెండు కొసల మధ్య రెసిస్టర్ కాళ్ళు మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టి, మళ్ళీ వైర్ల గుత్తిలోకి దూర్చేస్తారు. టంకం వేసేవాళ్ళు తక్కువ. బిల్లు ఉండదు. ఎంత విలువది వేశారో కాగితం మీద రాసి ఇచ్చేవారు అసలే ఉండరు. ఏడాది తర్వాత బండి చేతులు మారితే, లోపల అదొకటి ఉందన్న సంగతి కూడా కొత్త యజమానికి తెలియదు.

ముల్లు ఎందుకు దిగిందో అర్థమైతే ప్రమాదం ఎంతో అర్థమవుతుంది. ఆ సెన్సార్‌కు ఒక గుణం ఉంది. చల్లగా ఉన్నప్పుడు కరెంటును గట్టిగా అడ్డుకుంటుంది. వేడెక్కేకొద్దీ అడ్డు తగ్గిపోతుంది, కరెంటు ఎక్కువ పారుతుంది, ముల్లు పైకి లేస్తుంది. పదో తరగతి భౌతికశాస్త్రంలో చదువుకున్న ఓమ్ నియమమే ఇక్కడ పని చేస్తోంది. వైరు మధ్యలో రెసిస్టర్ పెట్టడమంటే, సెన్సార్ అడ్డుకు మరో అడ్డు కలపడం. మీటరుకు ఆ రెండూ వేరని తెలియదు. అడ్డు ఎక్కువగా ఉంది కాబట్టి ఇంజన్ చల్లగా ఉందనుకుంటుంది.

లెక్క వేసి చూపిస్తాను. ఒక సెన్సార్ చల్లటి ఇంజన్ మీద 500 ఓమ్‌లు, 90 డిగ్రీల మామూలు వేడిలో 80 ఓమ్‌లు, ఎర్రగీత దగ్గర 40 ఓమ్‌లు చూపిస్తుందనుకుందాం. బండిని బట్టి ఈ అంకెలు మారతాయి, ధోరణి మారదు. దుకాణంలో దొరికే 39 ఓమ్‌ల రెసిస్టర్ తెచ్చి వైరు మధ్యలో పెట్టారు. పొద్దున బండి స్టార్ట్ చేస్తే 500 కాస్తా 539 అవుతుంది. ఆ తేడా ముల్లు మీద కనబడదు. మామూలు వేడిలో 80 కాస్తా 119 అవుతుంది. ముల్లు సగం కంటే కాస్త కింద నిలబడుతుంది, యజమాని సంతోషిస్తాడు. ఇక ఇంజన్ ఉడికిపోతున్నప్పుడు చూడండి. సెన్సార్ 40కి దిగింది, దానికి 39 కలిస్తే 79. అంటే మీటరుకు అది దాదాపు 80. మామూలు వేడిలో ఉండాల్సిన చోటే ముల్లు నిలబడి ఉంటుంది. రేడియేటర్ మూత దగ్గర నీళ్ళు బుసకొడుతున్నా డ్రైవరు ముందు అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఇందులో అందరూ పట్టించుకోవాల్సిన విషయం ఒకటుంది. ఆ రెసిస్టర్ చల్లటి ఇంజన్ దగ్గర దాదాపు నిజమే చెబుతుంది. వేడి పెరిగేకొద్దీ అబద్ధం పెరుగుతుంది. అపాయం ముంచుకొచ్చిన క్షణానికి అది పూర్తి అబద్ధమవుతుంది. ఏ విలువ ఎంచుకున్నా ఇంతే. చిన్నది వేస్తే చిన్న అబద్ధం, పెద్దది వేస్తే పెద్ద అబద్ధం. "కరెక్ట్ రెసిస్టెన్స్ ఏది" అని అడిగేవారికి నా జవాబు: హీట్ మీటరు ముల్లును కిందికి దించడానికి కరెక్ట్ రెసిస్టెన్స్ అనేది లేదు.

ఇంకో అపాయం కూడా ఉంది. దుకాణంలో మామూలుగా చేతిలో పెట్టేది పావు వాట్ రెసిస్టర్. 39 ఓమ్‌ల గుండా ఆంపియర్‌లో పదో వంతు పారినా 0.39 వాట్ల వేడి పుడుతుంది. అది పావు వాట్ మోయగలిగిన దానికి ఒకటిన్నర రెట్లు. రెసిస్టర్ కొన్నాళ్ళు మాడి, ఒకరోజు తెగిపోతుంది. తెగితే కరెంటు ఆగుతుంది. కరెంటు ఆగితే ముల్లు పూర్తిగా కిందికి, చల్లదనం గుర్తు మీదికి పడిపోతుంది. ఇంజన్ ఎంత కాగుతున్నా అది ఇక లేవదు.

ఈ పదిహేనేళ్ళలో వచ్చిన కార్లలో చాలావాటికి కథ ఇంకా దారుణం. వాటిలో సెన్సార్ వైరు నేరుగా మీటరుకు పోదు, ఇంజన్ కంప్యూటరుకు పోతుంది. పెట్రోలు ఎంత చిమ్మాలో, రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడు తిప్పాలో, ఇంజన్ కాగిపోతుంటే ఏసీ ఎప్పుడు ఆపాలో ఆ కంప్యూటరే ఆ సెన్సార్ చెప్పినదాన్ని బట్టి నిర్ణయిస్తుంది. అక్కడ రెసిస్టర్ పెడితే కంప్యూటరు ఇంజన్ చల్లగా ఉందని నమ్ముతుంది. తిరగాల్సిన సమయానికి ఫ్యాన్ తిరగదు. పెట్రోలు అవసరానికి మించి పోతుంది. అంతకుముందు వేడెక్కని ఇంజన్ కూడా అప్పుడు వేడెక్కుతుంది.

ముల్లు పైకి లేస్తోందంటే దానికి కారణం ఉండి తీరుతుంది, ఆ కారణాలు మన ప్రాంతంలో అందరికీ తెలిసినవే. కూలెంట్ ఖర్చెందుకని రేడియేటర్లో బోరు నీళ్ళు పోస్తాం. ఆ నీళ్ళలోని సున్నం లోపలి సన్నటి గొట్టాల్లో పేరుకుని దారి మూసేస్తుంది. పత్తి లోడు తోలే బండికి ముందున్న జాలీలో దూది, నూగు ఇరుక్కుంటాయి, గాలి దూరదు. ఫ్యాన్ బెల్టు వదులవుతుంది. థర్మోస్టాట్ మూసుకుపోతుంది. మూత రబ్బరు ఎండిపోయి ప్రెషర్ నిలవదు. మంచి మూత, సగం కూలెంట్ ఉన్న నీళ్ళు 120 డిగ్రీలు దాటినా మరగవు. మూత పాడై, లోపల ఉత్త నీళ్ళే ఉంటే 100 డిగ్రీలకే మరిగి పొంగిపోతాయి. ఈ పనులన్నీ చేయించినా అయ్యే ఖర్చు కొన్ని వందలు, మహా అయితే కొన్ని వేలు. అల్యూమినియం హెడ్ వంకరపోయి, గ్యాస్కెట్ పోయి, ఇంజన్ సీజ్ అయితే ఆ సీజను మిర్చి ఆదాయంలో ఎంత భాగం షెడ్డుకు పోతుందో అనుభవించిన రైతును అడగండి. అదీ రోడ్డు పక్కన ఆగి సీజ్ అయితేనే. నిండు లోడుతో, వెనక టిప్పరు వస్తుండగా, నడిరోడ్డు మీద చక్రాలు పట్టేస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ముల్లు తప్పు చూపించే సందర్భాలూ లేకపోలేదు. ఇంజన్ చల్లగానే ఉండి మీటరు మాత్రం ఎక్కువ చూపించవచ్చు. అప్పుడు కూడా ముందు తప్పు ఎక్కడుందో వెతకాలి. పాత కార్లలో మీటర్లకు దాదాపు 10 వోల్టులు స్థిరంగా అందించే స్టెబిలైజర్ అని చిన్న డబ్బా ఉంటుంది. అది పాడైతే హీట్ మీటరు, పెట్రోలు మీటరు రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తాయి. రెండూ కలిసి లేచాయంటే అనుమానం దాని మీదికి పోవాలి. ఎర్త్ తుప్పు పట్టి పట్టు తప్పితే ముళ్ళు గెంతులు వేస్తాయి, హెడ్‌లైట్ వేయగానే కదులుతాయి. ఎవరో వేరే బండి సెన్సార్ బిగించినా రీడింగ్ మారిపోతుంది. సెన్సార్ విప్పి వేడి నీళ్ళ గిన్నెలో ముంచి, పక్కన థర్మామీటరు పెట్టి, మల్టీమీటరుతో ఓమ్‌లు చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. తప్పు సెన్సార్‌ది అయితే ఆ బండికి చెందిన సెన్సారే కొత్తది కొనాలి. మీటరు నిజం చెబుతున్నా నీళ్ళు పూర్తిగా కారిపోతే సెన్సార్ ఆవిరిలో తేలి తక్కువ చూపిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. పొద్దున్నే నీళ్ళు చూసుకునే పాత అలవాటు మానవద్దు.

ఇక కుర్రాళ్ళ సరదా సంగతి. పాత జీపుకు, అంబాసిడర్‌కు కొత్త రకం మీటర్లు పెట్టించడం, వేరే కంపెనీ డయల్ తెచ్చి బిగించడం ఇప్పుడు ఎక్కువైంది. తప్పని నేననను, బండి మీద ప్రేమ ఉన్నవాళ్ళే ఆ పని చేస్తారు. కానీ మీటరు, సెన్సార్ ఒకదానికొకటి జత. జత విడదీసి మధ్యలో రెసిస్టర్‌తో సర్దుదామనుకుంటే చాలాసార్లు కుదరదు. పెట్రోలు మీటర్లే చూడండి. ట్యాంకులో ఫ్లోట్ పైకీ కిందికీ కదులుతూ రెసిస్టెన్స్ మారుస్తుంది. ప్రపంచంలో దీనికి ఒకే పద్ధతి లేదు. అమెరికా జనరల్ మోటార్స్ పాత పద్ధతిలో ఖాళీ ట్యాంకు 0 ఓమ్‌లు, నిండు ట్యాంకు 90. బయట అమ్మే యూనివర్సల్ మీటర్లలో ఎక్కువగా ఉండే పద్ధతిలో ఖాళీకి 240, నిండుకు 33. ఒకదాంట్లో పెట్రోలు పెరిగితే ఓమ్‌లు పెరుగుతాయి, రెండోదాంట్లో తగ్గుతాయి. ఎదురెదురుగా నడిచే ఈ రెండింటినీ ఏ రెసిస్టరూ కలపలేదు. వైరు మధ్యలో సిరీస్‌గా పెట్టినా, పక్కన ప్యారలల్‌గా పెట్టినా దిక్కు మారదు. అలా చేసి తిరిగితే, ట్యాంకు నిండుగా ఉందని ముల్లు చెబుతుండగా పొలాల మధ్య పెట్రోలు అయిపోతుంది.

దిక్కు ఒకటే అయి, కొద్దిపాటి తేడా ఉన్నప్పుడు రెసిస్టర్‌తో కొంత సర్దవచ్చు. అదీ పెట్రోలు మీటరుకే, హీట్ మీటరుకు వద్దు. ఆ పనికైనా ఒక వరస ఉంది. ముందు ట్యాంకు ఖాళీగా, సగం, నిండుగా ఉన్నప్పుడు ఫ్లోట్ రెసిస్టెన్స్ మూడుసార్లు కొలవాలి. కొత్త మీటరు ఆ మూడు చోట్ల ఎంత అడుగుతోందో కాగితం మీద పక్కన రాసుకోవాలి. సిరీస్‌లో పెట్టింది రెసిస్టెన్స్ పెంచుతుంది, ప్యారలల్‌లో పెట్టింది తగ్గిస్తుంది. లెక్క ఎంత బాగా వేసినా ముల్లు ఒకటి రెండు చోట్లే నిజం చెబుతుంది. ఆ నిజం ఖాళీ గుర్తు దగ్గర ఉండేలా చూసుకోండి, నిండు దగ్గర తప్పినా నష్టం లేదు. రంగు చారలు చూసి విలువ గుర్తుపట్టేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఎరుపు, ఎరుపు, నలుపు అంటే 22 ఓమ్‌లు. ఎరుపు, ఎరుపు, గోధుమ అంటే 220. షెడ్డు వెలుతురులో నలుపుకూ గోధుమకూ తేడా తెలియదు. మల్టీమీటరు పెట్టి చూశాకే టంకం వేయాలి.

ఓమ్‌ల గురించి అడిగేవారు కొందరైనా ఉన్నారు, వాట్ల గురించి అడిగేవారు కనబడరు. మంటలు వచ్చేది అక్కడే. రెసిస్టర్ కరెంటును ఆపి దాచుకోదు, వేడిగా మార్చి బయటికి వదులుతుంది. ఇండికేటర్ బల్బు తీసేసి ఎల్‌ఈడీ పెట్టినప్పుడు అది గబగబా కొట్టుకుంటుంది. ఆ వేగం తగ్గించడానికి బంగారు రంగు అల్యూమినియం తొడుగున్న 6 ఓమ్‌ల, 50 వాట్ల రెసిస్టర్ అమ్ముతారు. ఇంజన్ నడుస్తుంటే బండిలో 14 వోల్టులుంటాయి. 14ను 14తో గుణించి 6తో భాగిస్తే 32 వాట్లు దాటుతుంది. టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంటే లైటు వెలిగినంతసేపూ సోల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ వేడి పుట్టించేదాన్ని బండి లోపల పెట్టి మూత వేస్తున్నామన్నమాట. ఇండికేటర్ వెలిగి ఆరుతుంది కాబట్టి సగమైనా తగ్గుతుంది. బ్రేక్ లైటుకో, పార్కింగ్ లైటుకో పెడితే ఆ విశ్రాంతి కూడా ఉండదు. వేడి పీల్చుకునే మందపాటి ఇనుప రేకుకు బోల్టుతో బిగిస్తేనే అది 50 వాట్లు మోయగలదు. ప్లాస్టిక్ బంపర్ వెనక, టేపు చుట్టి, వైర్ల గుత్తికి కట్టేస్తే ముందు టేపు కరుగుతుంది, తర్వాత వైరు తొడుగు కరుగుతుంది, ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. ఎల్‌ఈడీకి సరిపడే ఫ్లాషర్ రిలే విడిగా దొరుకుతుంది. పాత రకం బండ్లలో రెసిస్టర్ బదులు అది మార్చడమే మంచిది.

మీటరు లోపల వెలుగు కోసం ఒక్క చిన్న ఎల్‌ఈడీ పెట్టుకునేవారికీ ఇదే లెక్క. ఎల్‌ఈడీ దాదాపు 3.2 వోల్టులు తీసుకుంటుంది, 20 మిల్లీ ఆంపియర్లు చాలు. 14.4 వోల్టుల నుంచి 3.2 తీసేస్తే 11.2 మిగులుతుంది. దానికి 560 ఓమ్‌లు కావాలి, పుట్టే వేడి 0.22 వాట్లు. పావు వాట్ రెసిస్టర్ కాగితం మీద సరిపోతుంది, మన ఎండలో సరిపోదు. మామూలు రెసిస్టర్ల వాట్ విలువ చుట్టుపక్కల 70 డిగ్రీల దాకా ఉన్నప్పటిది, అది దాటితే మోసే శక్తి తగ్గిపోతుంది. 2018లో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఎండలో గంట నిలిపిన కార్లలో డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు చేరినట్టు చూశారు. మే నెలలో అమరేశ్వరుడి గుడి ముందు నీడ లేని చోట కారు ఆపి దర్శనానికి వెళ్ళి రండి, మనకూ అంతే ఉంటుంది. అందుకే 680 ఓమ్‌లు, అర వాట్ వేసుకోండి. వెలుగు కాస్త తగ్గుతుంది, ఎల్‌ఈడీ నిలుస్తుంది, చుట్టూ ఏదీ కాలదు. మరే పనికైనా లెక్కకు వచ్చిన వాట్ల కంటే కనీసం రెట్టింపుది తీసుకోవాలి.

"ఫ్యూజ్ ఉంది కదా, ఏమైనా అయితే అది పోతుంది" అన్న ధైర్యం పనికిరాదు. 12 ఓమ్‌ల రెసిస్టర్ మీద పొరపాటున పూర్తి 14 వోల్టులు పడ్డాయనుకోండి. పారే కరెంటు ఆంపియర్ కంటే కాస్త ఎక్కువ. 10 ఆంపియర్ల ఫ్యూజ్ దాన్ని గమనించనైనా గమనించదు. కానీ ఆ రెసిస్టర్‌లో 16 వాట్ల వేడి పుడుతుంది. పావు వాట్ వస్తువు 16 వాట్లు మోస్తే ఎర్రగా కాలి పక్కనున్నదాన్ని అంటిస్తుంది. ఫ్యూజ్ వైరును కాపాడుతుంది, రెసిస్టర్‌ను కాపాడదు. కొత్తగా తీసిన ప్రతి లైనుకూ దానికి తగ్గ చిన్న ఫ్యూజ్, 1 ఆంపియర్‌దో 2 ఆంపియర్లదో, విడిగా పెట్టించాలి.

టిప్పర్ల యజమానులకు ఒక మాట. మీ బండ్లు 24 వోల్టులవి, నడుస్తుంటే 28 దాకా ఉంటుంది. కార్ల మీటరు చవకగా దొరికిందని తెచ్చి, మధ్యలో రెసిస్టర్‌తో వోల్టేజి తగ్గించి పెట్టించవద్దు. మీటరు లాగే కరెంటు సెన్సార్‌ను బట్టి మారుతూ ఉంటుంది, దానితో పాటే రెసిస్టర్ దగ్గర తగ్గే వోల్టేజీ మారుతుంది. ఆ మీటరు ఏ క్షణంలోనూ నిజం చెప్పదు. 24 వోల్టుల మీటరే కొనండి, లేదా 24ను 12గా మార్చే మంచి కన్వర్టరు పెట్టించండి.

పెట్రోలు ట్యాంకు దగ్గర ఆటలు అసలే వద్దు. ఫ్లోట్ పని చేస్తోందో లేదో చూడటానికి దాని వైరును బ్యాటరీ ప్లస్‌కు నేరుగా తాకించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ సర్క్యూట్‌లో కరెంటును కొద్దిపాటికి పరిమితం చేసేది మీటరే. మీటరును పక్కకు తప్పించి నేరుగా 12 వోల్టులు ఇస్తే పెట్రోలు ఆవిరి మధ్యలో ఉన్న ఆ సన్నటి రెసిస్టెన్స్ పట్టీ కాలుతుంది, నిప్పురవ్వ పుట్టవచ్చు. మల్టీమీటరు వెల కొన్ని వందల రూపాయలు. అది లేని షెడ్డులో ట్యాంకు మీద చేయి వేయనివ్వకండి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు ఈ మాట జాగ్రత్తగా వినాలి. గుంటూరులోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో బండి చూడటానికి వెళితే స్టార్ట్ చేసి, ముల్లు నడిమికి వచ్చేదాకా ఆగి, బాగుందని బేరం కుదుర్చుకోవద్దు. పైన చెప్పిన లెక్క ప్రకారం, చల్లటి బండి దగ్గర ఈ అబద్ధం దొరకదు. ఏసీ వేసుకుని అరగంట నడపండి. తర్వాత బానెట్ ఎత్తి, థర్మోస్టాట్ గూడు మీద లేజర్ థర్మామీటరు పెట్టి చూడండి. అక్కడి వేడి 100 దాటి, ముల్లు సగానికి కింద ఉంటే బేరం వదిలేయండి. కంప్యూటర్ స్కానర్ పెట్టి చూశామంటే సరిపోదు, రెసిస్టర్ ఆ కంప్యూటరుకు పోయే వైరులోనే ఉంటే స్కానర్ కూడా అదే అబద్ధం చదివి వినిపిస్తుంది. సెన్సార్ దగ్గర నుంచి వైరును చేత్తో తడుముతూ వెళ్ళండి. దుమ్ము పట్టిన పాత వైర్ల మధ్య మెరిసే కొత్త టేపు కనబడితే విప్పి చూపించమని అడగండి. విప్పనన్నవాడి బండి కొనకండి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019లో సవరించిన 182ఏ సెక్షన్ అనుమతిలేని మార్పు ఒక్కోదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటోంది. వైరింగ్‌లో అతుకులు బయటపడితే వారంటీకీ, అగ్నిప్రమాదం తర్వాత బీమాకూ చిక్కులు వస్తాయి. ఇంజన్ వేడెక్కే జబ్బును రెసిస్టర్‌తో కప్పిపెట్టి అమ్మడం మాత్రం మార్పు కాదు, మోసం. భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ మోసం గురించే.

మెకానిక్ సోదరులకు విన్నపం. పొట్టకూటి కోసం ఎండలో బండి కింద పడుకుని పని చేసేవాళ్ళు మీరు. కస్టమరు ఒత్తిడి చేస్తాడు, వంద రూపాయలకే పని కావాలంటాడు, మీరు కాదంటే పక్క షెడ్డుకు పోతానంటాడు. పోనివ్వండి. హీట్ మీటరు వైరు కత్తిరించనని చెప్పండి, రేడియేటర్ విప్పి చూద్దామనండి. వేరే ఎక్కడైనా రెసిస్టర్ వేయాల్సి వస్తే టంకం వేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగి, ఎన్ని ఓమ్‌లు, ఎన్ని వాట్లు అన్నది చిన్న చీటీ మీద రాసి వైరుకు కట్టండి. తర్వాత ఆ బండి విప్పే ఇంకో మెకానిక్‌కు అది దారి చూపిస్తుంది.

ఫిట్‌నెస్ పరీక్ష చేసేవాళ్ళు లైట్లు, బ్రేకులు చూస్తున్నారు, పొగ చూస్తున్నారు. వేసవి నాలుగు నెలలైనా టెంపరేచర్ సెన్సార్ వైరు మీద ఒక కన్ను వేయాలి. లేజర్ థర్మామీటరు ఒకటి ఉంటే బండికి రెండు నిమిషాలు చాలు. జిల్లాలోని ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, నరసరావుపేటలోని జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల తలచుకుంటే ఈ పని ఇంకా సులువు. మిర్చి సీజనులో ఒక ఆదివారం అమరావతి సెంటర్లో విద్యార్థులు మల్టీమీటర్లతో కూర్చుని బండ్ల మీటర్లు ఉచితంగా పరీక్షించి పెడితే, వాళ్ళకు ఓమ్ నియమం పరీక్షలకు మించి గుర్తుంటుంది, రైతులకు ఇంజన్లు మిగులుతాయి.

మీ బండిలో ఇప్పటికే రెసిస్టర్ పెట్టించి ఉంటే ఈ వారమే తీయించండి. వైరును మునుపటిలాగా కలిపించి, ముల్లు ఎక్కడ నిలబడుతుందో చూడండి. లేస్తే అది ఇంజన్ చెబుతున్న మాట, రేడియేటర్ దగ్గరకు వెళ్ళండి. దారిలో ముల్లు ఎర్రగీత వైపు పోతే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, బండిని రోడ్డు దించి పక్కన ఆపండి. మూత తీయడానికి తొందరపడకండి, చేత్తో తాకగలిగేంత చల్లారాకే తీయండి. డ్యాష్‌బోర్డు లోంచి కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే ఇంజన్ ఆపి, అందరినీ దించి దూరంగా పంపండి. మంట లేకుండా వాసన మాత్రమే ఉంటేనే బ్యాటరీ మైనస్ వైరు తీయండి. మంట కనబడితే బానెట్ ఎత్తకండి, 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.